తువ్వాలు కింద నాడి

ఈ పొద్దున మా వీధిలోకి చిన్నరసాల మామిడిపళ్ల బండి వచ్చింది. తొడిమల దగ్గర కారిన సొన వాసన తగలగానే నాకు పండు కాదు, నూజివీడులో నాకు వైద్యం నేర్పిన డాక్టర్ దేవసహాయం గారు గుర్తొచ్చారు.

అరవైల మొదట్లో మాట. గుంటూరులో చదువు ముగించి ఆయన క్లినిక్‌లో కొత్తగా చేరాను. మెడలో స్టెతస్కోపు ఉంటే చాలు, అన్నీ తెలిసిపోతాయనుకునే వయసు. ఒకరోజు మామిడి వ్యాపారి వెంకటరత్నం గారు ఛాతీలో పట్టేసినట్టుంటోందని వచ్చారు. కూర్చోబెట్టి నాడి చూశాను, గుండె విన్నాను. గోడగడియారంలా కొట్టుకుంటోంది. "గ్యాసండీ" అని సీసాలో మందు కలిపించి ఇచ్చాను.

దేవసహాయం గారు అంతా విన్నారు. "రత్నం గారూ, సాయంత్రం మీ తోటకొస్తామండీ. మా డాక్టరమ్మ కాయని చెట్టు మీద చూడలేదట" అన్నారు. నేను బాపులపాడులో పుట్టి, రాళ్లతో కాయలు కొట్టి తిన్నదాన్ని! అయినా సాయంత్రం వెంట వెళ్లాను.

తోటలో నడుస్తున్నాం. పది చెట్లు దాటాక వెంకటరత్నం గారు ఆగి, తల పైకెత్తి, "కాయ బాగా ముదిరిందండీ" అన్నారు. ఇంకో ఐదు చెట్లకు మళ్లీ ఆగి అదే మాట. మూడోసారి మాట సగంలోనే ఆగిపోయింది. నేను శ్రద్ధగా పైకి చూశాను. చెట్టు మీద ఒక్క కాయ లేదు. ఆ వరుస కోత ముందురోజే అయిపోయింది.

దేవసహాయం గారు నవ్వకుండా భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పారు. పక్కవాళ్లకు ధర తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు నొక్కుతూ బేరమాడడం అక్కడి వ్యాపారుల పద్ధతి. దూరాన గంపలు సర్దుతున్నవాళ్లు, డాక్టరు గారు మామిడి బేరంలోకి దిగారని చెవులు కొరుక్కున్నారు. ఆయన చూస్తున్నది నాడి.

"ఎన్నాళ్ల నుంచండీ?"

"శివరాత్రి నుంచండీ. ఎవరితోనూ అనకండి బాబూ. గుండెజబ్బు మనిషికి వచ్చే ఏడు తోట గుత్తకెవడిస్తాడు?"

తిరిగొస్తూ దేవసహాయం గారు నాకు చెప్పారు. "కూర్చున్నప్పుడు కాళ్లు గుండెని పెద్దగా ఏమీ అడగవమ్మా. నడిస్తే రక్తం కావాలంటాయి. బాగున్న గుండె జోరు పెంచి పంపిస్తుంది. ఈయన గుండె పంపలేకపోతే, రక్తం వెనక ఊపిరితిత్తుల్లో నిలబడి ఆయాసం తెస్తుంది. ఆగాక ఆయన ఊపిరి ఎంతసేపటికి నెమ్మదించిందో చూశావా?"

నేను చూడలేదు. కాయల్లేని చెట్టు చూస్తున్నాను. నా సీసానే నమ్ముకుని ఊరుకుని ఉంటే ఆ మనిషి ఏమయ్యేవారో!

గుండెజబ్బంటే మంచం దిగొద్దనే రోజులవి. దేవసహాయం గారు కొన్నాళ్లు మందులతో పడుకోబెట్టి, తర్వాత చీటీ మీద చెట్లు రాశారు. ఈ వారం ఐదు చెట్ల దూరం. ఆయాసం రాకపోతే వచ్చే వారం ఆరు. వెంకటరత్నం గారు అక్కడా బేరం మానలేదు. "ఎనిమిది చెయ్యండి సార్" అనేవారు.

మరుసటి వేసవికి ఆయన మాట తెగకుండా వరుస మొత్తం నడిచారు. తోటలూ చేజారలేదు. మామిడిపళ్ల గంపతో క్లినిక్‌కి వచ్చి నాకు దణ్ణం పెట్టారు. "అమ్మా, మీ గ్యాసు మందు అమృతమండీ. ముందు కడుపు సర్దబట్టే గుండెకి మందు పట్టిందని సారు చెప్పారు."

నేను దేవసహాయం గారి వైపు చూశాను. ఆయన తలెత్తకుండా ఏదో రాసుకుంటున్నారు.

ఇప్పటికీ రోగిని నడిపించి చూడనిదే నేను మందు రాయను. మొన్న మా కుర్ర డాక్టరు ఒకావిడకు ఏమీ లేదని చెప్పేశాడు. కబుర్లు చెబుతూ ఆవిణ్ణి గేటుదాకా నడిపించి, ఆయాసం చూసి, పరీక్షలు రాసిచ్చి పంపాను. తర్వాత లోపలికొచ్చి, తలుపేసి, అతన్ని గట్టిగానే కేకలేశాను. ఆవిడకు మాత్రం, ఆ అబ్బాయే అనుమానపడి నన్ను చూడమన్నాడని చెప్పాను.