బొంగురు జగ్గు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర పొయ్యి మీద పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇంట్లో చడీచప్పుడు లేదు. అంతలో అలమరలోంచి సన్నగా "టింగ్" మని వినిపించింది. మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "పిలుస్తా ఉంది నీ జగ్గు. పోయి పలుకు" అన్నాడు. మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండులోనే పుట్టింది. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "ఇట్స్ సో క్రీపీ, మమ్" అని మేడెక్కేసింది. ఆ జగ్గు సంగతి చెప్పాలంటే ముందు ఆంటీ సంగతి చెప్పాలి.

లీసెస్టర్ వచ్చిన కొత్తలో నేను ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే కేర్ పనిలో చేరాను. నా రోటాలో, అంటే ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు వెళ్ళాలో రాసిన పట్టీలో, ఒక జర్మన్ పెద్దావిడ ఇల్లుండేది. ఆవిడకు చూపు దాదాపు పోయింది, నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. మన అలవాటుకొద్దీ మొదటిరోజే "ఆంటీ" అన్నాను. ఆవిడ, "నన్నలా పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. సరే, పిలువు" అంది. ముందుగది నిండా అరలు, అరల నిండా మట్టిపాత్రలు. పసుపు, నలుపు, ఆకుపచ్చ టీపాట్లు, జగ్గులు, గాజుల్లాంటి గుండ్రటి పిడులు. పూలూ లతలూ ఏమీ ఉండవు, కుంచెతో విసిరిన నాలుగు గీతలు తప్ప. ఎవరో బద్ధకస్తుడు పని సగంలో వదిలేశాడనుకున్నాను, పైకి అనలేదు. ఆ గదిలో ఉన్నట్టుండి ఏదో ఒక పాత్ర "టింగ్" మనేది. "పైనున్న మెరుపు పూత పాతబడి చీలుతుంది, అంతే" అని ఆంటీ తేలిగ్గా చెప్పేది. అలా చెప్పిన మనిషే, మోగినప్పుడల్లా అటు తిరిగి జర్మన్‌లో ఏదో ఒక ముక్క అనేది. ఏమిటని అడిగితే, "వస్తున్నా అంటున్నాను" అంది. ఆ రోజు నేను టీలో పంచదార వెయ్యడం మర్చిపోయి చీవాట్లు తిన్నాను.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వాళ్ళ నాన్న జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో మట్టిపాత్రలు కాల్చే పాత బట్టీ కొని కార్ఖానా పెట్టాడట. రోజూ పాలు పోసుకునే పాత్ర కూడా అందంగా ఉండాలని ఆయన పంతం. ఆ ఊరి అమ్మాయిలే కుంచెలు పట్టి గీతలు గీసేవారు. పెద్ద పట్నాల దుకాణాలకు పెట్టెలకు పెట్టెలు వెళ్ళేవి. తర్వాత ప్రభుత్వం మారింది. వీళ్ళు యూదులని కార్ఖానా లాక్కున్నారు. అప్పటికి చిన్నపిల్ల అయిన ఆంటీని అమ్మానాన్నలు ఒంటరిగా రైలెక్కించి ఇంగ్లండు పంపారు. వాళ్ళ జాడ మళ్ళీ తెలియలేదు. లాక్కున్నవాళ్ళు మాత్రం అవే అచ్చులతో, అదే ముద్రతో పాత్రలు చేసి అమ్ముకుంటూనే ఉన్నారు. ఆవిడ బతుకంతా సంతల్లో, పాత సామాన్లు అమ్మే చారిటీ షాపుల్లో ఆ ముద్ర కనబడినదల్లా కొంది. ఏది నాన్న చేయించిందో, ఏది దొంగలు చేయించిందో ఎలా తెలుస్తుంది? "అన్నిటికీ మా నాన్న ముఖమే ఉంది" అనేది.

చివరికి ఆవిడ కేర్ హోమ్‌కు మారాల్సి వచ్చింది. అక్కడి గదిలో మంచం పక్కన ఒక్క పాత్రకే చోటు. ఆ ఒక్కటీ నాన్నదే కావాలని ఆవిడ ఆరాటం. దొంగల పాత్రను పక్కన పెట్టుకుని చచ్చిపోతానేమోనని భయం. నేను ఒక్కొక్కటే తీసి చేతికిస్తుంటే తడిమి చూసి, ఏది ఏ ఊరి సంతలో, ఎంత వానలో కొన్నదో చెప్పేది. ఇచ్చేముందు ప్రతిదాన్నీ నాకు తెలియకుండానే వేలి కణుపుతో తడుతున్నాను. మా అమ్మ కుండ కొనేటప్పుడు అలాగే తట్టి చూసేది. అన్నీ ఖంగుమన్నాయి. ఒక పొట్టి బూడిదరంగు జగ్గు మాత్రం బొంగురుగా పలికింది. "ఇది బీటుపడింది ఆంటీ" అని, మనిళ్ళల్లో చేసినట్టే, పారేసేవాటి పక్కన పెట్టేశాను.

ఆంటీ గబుక్కున ఇటు తిరిగింది. "మళ్ళీ కొట్టు" అంది. కొట్టాను. "మా నాన్న బట్టీ తెరిచాక ప్రతిదాన్నీ ఇలాగే తట్టేవాడు. మోగినవి దుకాణానికి. మోగనివి మా ఇంటికి. మా ఇంట్లో మోగే పాత్ర ఒక్కటి కూడా ఉండేది కాదు." జగ్గు ఒళ్ళో పెట్టుకుని గోటితో ఆ బీటు వెంట వెళ్ళింది. లోపలిదాకా పూత దిగి ఉంది. బట్టీలోకి వెళ్ళకముందే వచ్చిన బీటు అది, అంటే దుకాణానికి పోకుండా వాళ్ళింటికి వచ్చిన వాటిలోది. అప్పుడు మెల్లగా అంది, "ఇది నేను కొనలేదు."

వారం వారం ఆ అరల దుమ్ము తుడిచేది నేనే. ఆ జగ్గును చూసిన గుర్తు నాకూ లేదు. రోటాలో ఉన్న మిగతావాళ్ళను అడిగితే తెచ్చినవాళ్ళెవరూ లేరు. ఆంటీ మాత్రం పసిపిల్లలా నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది.

కేర్ హోమ్‌లో ఆ జగ్గు ఎప్పుడూ మోగలేదు. సెలవురోజున చూడబోయినప్పుడు ఆ మాటే అన్నాను. "ఇంకెందుకు పిలుస్తుంది? కలిశాంగా" అంది. ఆవిడ పోయాక హోమ్ మేనేజరమ్మ ఫోన్ చేసి రమ్మంది. జగ్గు నా చేతుల్లో పెట్టి, "మేనకోడలికి ఇమ్మని చెప్పారు. మీరేనటగా" అంది. అవునన్నాను. అది విని మా అమ్మ ఫోన్‌లోనే కంగారుపడింది. "బీటుపడ్డదాన్ని ఇంట్లో పెట్టుకోమాకే, పారెయ్" అంది. సరేనని అలమరలో పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళూ అది నోరు మెదపలేదు. ఈ చలికాలం నుంచే మొదలుపెట్టింది. హీటింగ్ వేడికి పూత చీలుతోందని మా ఆయనకు నేనే తేలిగ్గా చెప్పాను. మొన్న ఆదివారం మాత్రం కూర కలుపుతుంటే మళ్ళీ మోగింది. అటు తిరిగి "వస్తున్నా" అన్నాను. అన్నాక గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాలం గడిచిపోతుందనుకుంటాం గానీ, అది ఏదో ఒక అలమరలో ఓపిగ్గా కూర్చుని, మనకు ఆంటీలాగా బదులు పలికే వయసు వచ్చేదాకా చూస్తూ ఉంటుంది.