బూట్లు

సర్వే సారు యంత్రాన్ని కర్ర కొసకు కట్టుకుని, నేలకింది ఇనుప ఖనిజం కోసం బీడంతా నడుస్తాడు. ఒకరోజు నిలువుగా, మర్నాడు అడ్డంగా. దారులు కలిసే చోట రెండు రోజులూ ఒకే అంకె రావాలి. వారంగా రావడం లేదు. ఇనుము దగ్గరుంటే యంత్రం తప్పు చెబుతుందని కూలీల జేబులు తడిమి తాళంచెవులు, కత్తులు, పిన్నీసులతో సహా తీయించాడు. అయినా తేడా.

"ఇంత తేడాకేముంది సారూ, సరిచేసి రాసెయ్యండి. రేపు ఇళ్లకు పోతాం" అన్నాడు మేస్త్రి విసుగ్గా.

సారు అలవాటుగా మెడ గోక్కుంటూ కిందికి చూశాడు. బూట్లు విప్పి అవతల పారేసి, నిలువుగా, అడ్డంగా నడిచి కొలిచాడు. రెండుసార్లూ ఒకే అంకె. వారం కిందట కొన్న బూట్లవి, ముందువైపు లోపల ఇనుపరేకు. నడిచే దిక్కు మారినప్పుడల్లా అది అంకెనూ మారుస్తోంది.

"రాసిందంతా కొట్టేస్తున్నా. మళ్లీ మొదట్నుంచి."

"మా జేబులన్నీ దులిపారు గానీ, మీ కాళ్లు చూసుకోలేదేం సారూ!" అన్నాడు మేస్త్రి.

సారు యంత్రం ఎత్తుకుని ఉత్తకాళ్లతోనే ముళ్లలోకి నడిచాడు.