కప్పగుడ్లతో బాపుకు చెప్పబోయిన పాఠం

పదో తరగతితో బడి మానేసినా, ఇచ్చోడ గ్రంథాలయంలో నేను తెరవని అలమరా లేదని ఛాతీ విరుచుకుని తిరిగిన రోజులవి. ఎవరు ఏ మాటెత్తినా దానికి సంబంధించిన సంగతి ఒకటి నా దగ్గర ఉండేది (అడిగేవాళ్లే ఉండేవాళ్లు కాదు). ఒక ఎండాకాలం చివర అక్కడే చదివాను. పంటకు బూజు తెగుళ్లు రాకుండా వాడే మందు నీళ్లలో కలిస్తే కప్పగుడ్లు సరిగ్గా పిల్లలు కావట, అయినా ఆ తోకకప్పలు వంకర తోకలతో పుడతాయట. మా బాపు ఏటా సోయా విత్తనాలకు అలాంటి మందే పట్టించి, ఆ డ్రమ్మును చేను పక్క గుంటలో కడిగేవాడు. ఆ గుంటలో కప్పల అరుపు ఏటేటా తగ్గుతోందని నాకు అప్పుడు తట్టింది.

"బాపూ, డ్రమ్ము గుంటల కడుగకు. కప్పగుడ్లు కరాబైతయట" అన్నాను.

"గా పుస్తకం రాసినాయన ఎన్నడన్న సోయ ఏసిండారా?" అన్నాడు బాపు.

"నేను సూపిస్త. సూపిస్తే ఇగ గుంటల కడుగొద్దు."

"సూపియ్. సూపియ్యకుంటే ఇగ ఏటా నువ్వే కడుగాలె, గా గుంటలనే!"

తొలి వానలు పడి విత్తనాలు వేయగానే, వాగు నుంచి జిగురుజిగురుగా ఉన్న కప్పగుడ్లు తెచ్చి, అమ్మకు, అంటే మా అవ్వకు, చెప్పకుండా వంటింట్లోంచి తీసిన రెండు గంజుల్లో వేశాను. ఒకదానిలో బావినీళ్లు, రెండోదానిలో బాపు డ్రమ్ము కడిగిన గుంటనీళ్లు. గెలవాల్సిన గంజు కదా, గాలీ వెలుతురూ బాగా తగలాలని బావినీళ్లదాన్ని తీసుకెళ్లి కొట్టం రేకుల మీద పెట్టాను. మందునీళ్లది గోడ నీడలో ఒక మూలకు తోశాను. నాలుగో రోజుకు రేకుల వేడికి బావినీళ్లలోని గుడ్లన్నీ ఉడికి తెల్లబడ్డాయి. మందునీళ్లలో మాత్రం కొన్ని పిల్లలయ్యాయి. వాటి తోకలు వంకరగా ఉన్నాయని నేను వేలు పెట్టి చూపిస్తున్నా బాపు వినడే!

"మందు తాగినయి బతికినయి, మంచినీళ్లు తాగినయి సచ్చినయి. రాసుకో నీ పుస్తకంల!"

"నా పప్పు గంజుల కప్పలొండిండు, సచ్చినోడు" అని అవ్వ వేరే పాట అందుకుంది.

ఆ తర్వాత వాన మొఖం చాటేసింది. మొలకలు వాడిపోతుంటే ఆడవాళ్లు కప్పతల్లి ఆటకు సిద్ధమయ్యారు. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకుంటూ వానను అడుగుతారు. ఏటా కప్ప దొరికేది మా గుంటలోనే. ఈసారి మోకాళ్ల దాకా బురదతో మా మేనత్త, అంటే బాపు అక్క, గుంపునంతా వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"తమ్మీ, పొద్దుగాల సంది గుంటంత దేవులాడినం. ఒక్క కప్ప లేదు. ఏం పోసినవ్‌రా గుంటల?"

నేను నోరు తెరిచాను. అవ్వ నా చేయి గిల్లింది. మూసేశాను.

"డ్రమ్ము కడిగిన అక్కా" అన్నాడు బాపు మెల్లగా.

"కప్పతల్లికే మందు తాపినవా! ఇగ వాన ఏడికెళ్లొస్తదిరా?"

నేను వాగుకు పరుగెత్తి వాళ్లకొక కప్పను తెచ్చి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి బాపు పార పట్టుకుని, గుంటకు దూరంగా, గట్టు అవతల డ్రమ్ము కడగడానికి వేరే గొయ్యి తవ్వుతున్నాడు. నా వైపు చూడలేదు.

రెండు వానాకాలాలు గడిచాక మా గుంట అంచున గడ్డి వేళ్లకు గుడ్లు కనిపించాయి. చూడటానికి వచ్చిన వాళ్లందరికీ బాపు ఒకటే చెప్పాడు: "మా అక్క జెప్పింది, నేనిన్న." ఆ మాటకు నెల రోజులు అలిగాను. మీసంలో తెల్లవెంట్రుకలు వచ్చిన ఈ వయసులో, వాన వెలిశాక చేను దగ్గర బండి ఆపి గుంటలో కప్పల అరుపులు వింటుంటే, అంత అలక ఎందుకో నాకే నవ్వొస్తుంది. అలిగిన ఆ నెలంతా నేను ఒక్కసారి కూడా గుంట దగ్గరికి పోలేదు. ఆ ఏడు తోకకప్పలకు కాళ్లు మొలవడం చూడలేకపోయానే అన్నదే ఇప్పటికీ నా బాధ.