నీళ్ళు పోయని కుండ

గణేశ్వరరావు చేతికి ఏ పాత్ర ఇచ్చినా ముందు బోర్లించి చూస్తాడు. పెళ్ళి భోజనంలో పాయసం కప్పు ఇచ్చినా అంతే. పాయసం తాగేశాక బోర్లిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు గానీ, ఒకసారి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో తెలిసినవాళ్ళింట్లో టీ ఉండగానే కప్పెత్తి అడుగు చూడబోయి చొక్కా అంతా తడుపుకున్నాడు. చేసిన మనిషి వేలిముద్రో, సంతకమో, కుమ్మరి సారె మీంచి దారంతో కోసేటప్పుడు పడ్డ గీతలో అక్కడ కనిపిస్తాయని ఆయన ఆశ. ఫ్యాక్టరీ కప్పయితే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. "పెళ్ళిచూపుల్లో నన్ను మాత్రం బోర్లించకుండా ఒప్పుకున్నారు, బతికిపోయాను" అంటుంది ఆయన భార్య శ్రీలక్ష్మి.

ఆయన ఉద్యోగం ఓడలో వంట. పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నై, కలకత్తా, అప్పుడప్పుడూ విశాఖపట్నం వెళ్ళే ప్రయాణికుల ఓడ. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వలలు వేశాడు, తండ్రి రేవులో బరువులు మోశాడు, ఈయన నడిసముద్రంలో పప్పు తాలింపు పెడుతున్నాడు. ఓడ వంటగది అంటే అంతా స్టీలే. కాస్త అల లేచిందంటే కంచాలూ గ్లాసులూ ఒకదాని మీద ఒకటి జారి గోల పెడతాయి. ఆ గోల చెవుల్లో పెట్టుకునే ఆయన సగం జీవితం గడిచింది.

ఒకసారి విశాఖలో ఓడ సరుకు దింపుతుంటే, తోచక భీమిలి బస్సెక్కాడు. దారిలో ఒక రేకుల షెడ్డు ముందు చెక్క పలకల మీద పచ్చి కప్పులు ఎండలో ఆరుతున్నాయి. దిగి చూశాడు. షెడ్డు పద్మినిది. చదివిన చదువు పక్కనబెట్టి చేతులతో కుండలు చేసుకుంటున్న మనిషి. ఎవరో ఏమిటో అడక్కుండానే ఆమె ఈయనకి టీ ఇచ్చింది. కప్పు అడుగు మందంగా, బరువుగా ఉంది. ఆ కప్పు కొనుక్కుని ఓడెక్కాడు. తిరుగు ప్రయాణంలో సముద్రం బాగా పొంగింది. స్టీలు గ్లాసులన్నీ వంటగది ఈ గోడ నుంచి ఆ గోడకి దొర్లుతుంటే, ఆ కప్పు మాత్రం పెట్టినచోటే కూర్చుంది. గణేశ్వరరావు కూర కలపడం మానేసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కూర అడుగంటింది.

ఆ తర్వాత ఏ రేవులో దిగినా వెతుక్కుంటూ పోయేవాడు. ఎక్కడెక్కడి చేతిపని వాళ్ళో, కుండలు కాల్చే ఎవరి ఆవంలో ఏ మంటకి గాజుపూత ఎలా జారిందో, ఏ గిన్నె అంచు పెదవికి ఎలా తగులుతుందో తెలుసుకున్నాడు. డబ్బున్నవాళ్ళ సరదా అని ఓడలో వాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన పేకాట ఆడడు, తాగడు, ఇదొక్కటే పిచ్చి. కొన్నవన్నీ ఇంట్లో వాడాల్సిందే. నీలం గిన్నెలో పెరుగు, బూడిద రంగు పళ్ళెంలో చేపల వేపుడు. ఈ దీవుల్లో భూమి ఊగడం మామూలే కాబట్టి అలమర మోకాలెత్తుకి మించి పెట్టలేదు, దాని ముందు పాత చేపల వల కట్టాడు. సునామీ నాటి ఆ పెద్ద భూకంపంలో మొదటి అలమర అంతా పోయింది మరి. ఒకే ఒక్క కుండ మాత్రం ఆ వల వెనకాల ఏ పనీ పాటా లేకుండా కూర్చునేది.

దాని కథ వేరు. ఒకసారి పద్మిని అడిగింది, "మీ దీవుల మట్టి ఎలా ఉంటుందండీ?" అని. పుట్టి పెరిగిన నేల గురించి ఆ మాత్రం తెలీనందుకు గణేశ్వరరావుకి సిగ్గేసింది. శ్రీలక్ష్మి తమ్ముడు నాగబాబు దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో వరి పండిస్తాడు. సెలవు పెట్టి అక్కడికి వెళ్ళి, పొలం గట్టు కింద జిగురు మట్టి తవ్వించి, బియ్యం సంచిలో పోయించుకుని, ఆ పొడుగాటి బస్సు ప్రయాణమంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఇంటి ముందు ఆటో దిగేసరికి పక్కింటి ఎరుకమ్మ గుమ్మంలో ఉంది.

ఎరుకమ్మ ఆయన కంటే పెద్దది. చేపల రేవు దగ్గర ఇడ్లీ దుకాణం పెట్టి కొడుకు మల్లేశుని పెంచుకుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయనకి దీదీ.

"ఏటి తమ్ముడూ అది, బియ్యమా?"

"మట్టి దీదీ. విశాఖపట్నం పట్టుకెళ్తన్నాను."

ఆవిడ నవ్వడం మొదలెట్టింది. "అరే భగవాన్! మనిషికే టికెట్టు దొరకదు, నువ్వు మట్టిని ఓడెక్కిస్తావేటి?"

ఎరుకమ్మ పుట్టింది ఇక్కడే. మెయిన్‌ల్యాండ్ ఎన్నడూ చూడలేదు. దుకాణం వదలగలిగినప్పుడు టికెట్టు దొరకలేదు, టికెట్టు దొరికినప్పుడు దుకాణం వదల్లేకపోయింది. తల్లి పుట్టిన ఊరు ఎలా ఉంటుందని ఓడలో తిరిగే గణేశ్వరరావుని అడిగి చెప్పించుకునేది. ఆయన కూడా ఆ ఊరు చూడలేదు. అయినా ఏవో కల్పించి చెప్పేవాడు, ఆవిడకీ ఆ సంగతి తెలుసు.

ఆ మట్టితో పద్మిని నానా తంటాలు పడింది. కొన్ని ఆరేటప్పుడే పగిలాయి. కొన్ని ఎక్కువ వేడికి ఆవంలోనే కూలబడ్డాయి. తక్కువ మంటలో పెట్టిన వాటిలో ఒకే ఒక్క కుండ నిలిచింది. కాలిన కొబ్బరిచిప్ప రంగు, ఒక పక్కన పొగ తగిలిన నల్లని నీడ. పూత లేదు. అడుగున సంతకం బదులు ఆమె బొటనవేలు నొక్కి వదిలేసింది.

"నేనిక్కడ నీళ్ళు పోసి చూడలేదండీ. దీనిలో మొదటి నీళ్ళు మీ ఊరివే పోయాలి," అని కుండ చేతిలో పెట్టింది. "పోసి నాకు చెప్పండి. ఒంటికి చెమట పడితే మంట సరిపోయినట్టు. కారితే నా తప్పు."

గణేశ్వరరావు పోయలేదు. పోయాలనే అనుకున్నాడు పాపం. కానీ పోర్ట్‌బ్లెయిర్ నీళ్ళకి కూజాల ఒంటిమీద తెల్లటి మరకలు దిగడం ఆయన చూడనిది కాదు. ఆ పొగనీడ మీద మరకలు పడతాయంటే ప్రాణం ఒప్పలేదు. ఈ దీవి మట్టితో అలాంటిది ఇంకొకటి లేదు. మళ్ళీ చేసినా అదే నీడ రాదు. వాడని పాత్రకి విలువేముందని ఓడలో అందరికీ పాఠం చెప్పే మనిషి, ఇంట్లో దాన్ని మాత్రం దేవుడి పటంలా కూర్చోబెట్టాడు. విశాఖ వెళ్ళినప్పుడల్లా పద్మిని అడిగేది, నీళ్ళు పోశారా అని. ఈయన మాట మార్చేవాడు.

ఎరుకమ్మ దగ్గర మాట మార్చడం కుదరదు. మధ్యాహ్నం దుకాణం కట్టేసి, చెమట తుడుచుకుంటూ వాళ్ళ వరండాలో కూలబడి, వల వెనక ఉన్న ఆ కుండకేసే చూసేది.

"మట్టి కూడా మెయిన్‌ల్యాండ్ సూసొచ్చేసింది. నానే సూడ్నేదు. దాన్లో ఒక్క గ్లాసుడు నీళ్ళు పోసియ్యి తమ్ముడూ, తాగి ఎలిపోతాను."

"ఫ్రిజ్‌లో చల్లనివి ఉన్నాయి దీదీ."

"నీ ఫ్రిజ్ నీళ్ళు ఎవడిక్కావాలి! నీళ్ళు పొయ్యని కుండ కుండేటి?"

శ్రీలక్ష్మి లోపల్నుంచి నవ్వేది. గణేశ్వరరావు నీలం గిన్నెలో మజ్జిగ పోసి ఇచ్చేవాడు. ఆవిడ అది తాగేసి, ఈయన్ని వెక్కిరించడానికి గిన్నె బోర్లించి అడుగు చూసి, బాగుందన్నట్టు తలాడించి వెళ్ళేది.

ఆ వానాకాలం ఒక తెల్లవారుజామున ఎరుకమ్మ పోయింది. దుకాణానికి ఇడ్లీలు వెయ్యడానికి లేచి, కూర్చున్నచోటే ఒరిగిపోయింది. వాయుగుండం వల్ల ఓడలు ఆగిపోవడంతో గణేశ్వరరావు ఇంట్లోనే ఉన్నాడు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడుపు రాలేదు.

అక్కడి తెలుగువాళ్ళలో ఎవరు పోయినా జరగాల్సినవి దగ్గరుండి నడిపించేది పెద్దబ్బాయి అనే ముసలాయన. కట్టెలు, బట్ట, పూలు, అన్నీ వచ్చాయి. కుండ రాలేదు. తలకొరివి పెట్టే కొడుకు నీళ్ళ కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరగాలి. చుట్టుకో కన్నం కొట్టాలి. ఆఖరికి వెనక్కి వదిలేసి, తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఇక్కడ కుండలు ఓడ మీదే రావాలి. వేసవిలో వచ్చిన కూజాలన్నీ అమ్ముడైపోయాయి, కొత్తవి ఓడ కదిలితే గానీ రావు. మల్లేశు బజారంతా తిరిగి, ఊరవతల బ్రూక్షాబాద్‌లో చుట్టాల ఇళ్ళలో కూడా అడిగించి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చివరికి గణేశ్వరరావు గుమ్మంలో నిలబడ్డాడు.

"మావా, కుండ దొరకనేదు. స్టీలు బిందెతో కానిచ్చేద్దామంటున్నాడు పెద్దబ్బాయి తాత. అమ్మని అలాగ ఎలా పంపుతాం? నీ దగ్గరున్నాయి కదా, ఏదో ఒకటియ్యి. నీకు పనికిరాందే ఇయ్యి."

గణేశ్వరరావు అలమర వైపు చూశాడు. "ఇవి కన్నం పడవురా మల్లేశూ," అన్నాడు. "బాగా కాల్చినవి. రాయి లాంటివి. కత్తి విరుగుద్ది గానీ ఇవి పగలవు."

నిజమే చెప్పాడు. అలమరలో ఒక్కటి తప్ప అన్నీ అలాంటివే. తక్కువ మంటలో కాలిన ఆ ఒక్కదాని సంగతి మల్లేశుకి తెలీదు, పెద్దబ్బాయికీ తెలీదు. ఈ నిజంతో గణేశ్వరరావు హాయిగా బయటపడొచ్చు, తప్పు పట్టేవాడే లేడు. మల్లేశు తలూపాడు.

"పోన్లే మావా. ఏం చేస్తాం." వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు. రెండూ కళ్ళ ముందే ఉన్నా కనిపించడం లేదు. నీళ్ళు నిండిన కళ్ళకి ఏం కనిపిస్తాయి.

ఆ వంగిన వీపు చూసి గణేశ్వరరావుకి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆవిడ అడిగింది ఒక్క గ్లాసుడు నీళ్ళు.

"ఆగరా," అన్నాడు.

వల ముడి బిగుసుకుపోయి ఉంది. శ్రీలక్ష్మి వచ్చి విప్పింది. కుండ చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ బోర్లించాడు. అడుగున పద్మిని బొటనవేలి గుర్తులో తన వేలు పెట్టి, తీసేశాడు. శ్మశానం దగ్గర కుళాయిని నమ్మడానికి లేదని, పెరట్లో వాననీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళి తనే నింపాడు. బ్రూక్షాబాద్ చుట్టాలు వచ్చేదాకా అది శవం పక్కనే నేలమీద ఉంది.

బయల్దేరాక, దాన్ని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. గతుకుల రోడ్డు. డిగ్లీపూర్ నుంచి ఈ మట్టినే ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన సంగతి గుర్తొచ్చింది. కొంత దూరం పోయాక అరచేతులు తడిగా తగిలాయి. నీళ్ళు తొణికాయేమో అనుకుని చూశాడు. తొణకలేదు. కుండ ఒంటినిండా సన్నటి చెమట. నీళ్ళు లోపల ఎంత చల్లబడ్డాయో అరచేతులకి తెలుస్తోంది. ఇన్నేళ్ళు తను చూస్తూ కూర్చున్నది సగం కుండేనని అప్పుడు అర్థమైంది. ఆటోలోనే, డ్రైవరు అద్దంలో చూస్తున్నా సరే, వెక్కి వెక్కి ఏడ్చాడు.

మల్లేశు కుండ భుజాన పెట్టుకుని తిరిగాడు. చుట్టుకోసారి పెద్దబ్బాయి కత్తి వెనకవైపుతో కొట్టాడు. ప్రతిసారీ ఒక్క దెబ్బకే కన్నం పడింది. నీళ్ళు సన్నని ధారలుగా మల్లేశు వీపు మీంచి నేలమీదికి కారాయి. ఆ తర్వాత వాడు కుండ వెనక్కి వదిలాడు. గణేశ్వరరావుకి చప్పుడు వినిపించింది. తిరిగి చూడకూడదు. ఏ ముక్క ఎక్కడ పడిందో, ఆ పొగనీడ ఉన్న వైపు నిలిచిందో లేదో చూడాలని మెడ లాగేసింది. చూడలేదు. మల్లేశు చెయ్యి పట్టుకుని నడిచాడు.

వాతావరణం తెరిపిచ్చాక ఓడ కదిలింది. ఆ ప్రయాణంలో విశాఖ కూడా ఉంది. భీమిలి బస్సు దిగేసరికి పద్మిని సారె దగ్గరుంది. మట్టి చేతులతోనే లేచి వచ్చి, టీ పెట్టి, ఎప్పటిలాగే అడిగింది. "ఈసారైనా నీళ్ళు పోశారా?"

"పోశానమ్మా."

ఆమె చేతిలో కప్పు ఆగిపోయింది. "కారిందా?"

"లేదు. చెమట పట్టింది. ఒళ్ళంతా."

పద్మిని ముఖం వెలిగిపోయింది. కప్పు ఆయన చేతిలో పెట్టేసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఎండిన మట్టి పొడి ఇద్దరి మీదా రాలింది. "నేననుకున్నాను! మంట సరిపోయిందనే అనుకున్నాను. చల్లగా ఉన్నాయా? ఎవరు తాగారండీ మొదటి నీళ్ళు?"

గణేశ్వరరావు కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. దాన్ని బోర్లించి చూడాలని కూడా ఆయనకి తోచలేదు.

"మా దీదీ తాగిందమ్మా," అన్నాడు.