మిల్లు వెనక దొరికిన పాలసీసా

పాత సీసాలు ఏరే నా పిచ్చికి ఈ రోజు కలకత్తా దగ్గర మా బడ్జ్ బడ్జ్‌లో ఫలితం దక్కింది. మూతపడిన జూట్ మిల్లు వెనక చెత్తదిబ్బ తవ్వితే, పసిపిల్లలకు పాలు పట్టే గాజు సీసా దొరికింది. పడవ ఆకారం, రవ్వంత పగులు లేదు.

నా సీసాలను గడప దాటి ఇంట్లోకి రానివ్వని అమ్మ, దీన్ని మాత్రం లాక్కుని వేణ్ణీళ్ళతో కడిగింది.

"ఇంత మంచి సీసాని పారేసినారేటే?"

"ఆ బిడ్డ పెద్దదైపోయి ఉంటుందిలే అమ్మా."

"పెద్దదయ్యే ఉంటాదంటావా?"

నేను పుట్టకముందే, పాలు తాగే వయసులోనే పోయిన మా అక్క పేరు అమ్మ ఎప్పుడూ ఎత్తదు.

"అయ్యే ఉంటుంది" అన్నాను.

సీసాను ఉతికిన గుడ్డ మీద బోర్లించి, పక్కనే కూర్చుంది. వసారాలోని నా సీసాల అలమారాలో చోటుంది కానీ, దాన్ని ఇమ్మని అడిగే ధైర్యం లేదు. మీరైతే అడగగలరా?