చిన్నమ్మ చూసిన మొండి కణాలు

మా చిన్నమ్మ ప్రభుత్వ ఉపకేంద్రంలో నర్సు. పల్లెల్లో అందరికీ నర్సమ్మ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐదారేళ్లు కర్ణాటక సరిహద్దులోని అగళి వైపు పనిచేసి, అక్కడే కన్నడం ధారాళంగా మాట్లాడ్డం నేర్చుకుంది. తొంభైలలో తాడిమర్రి పక్కకు మారింది. కాపురం ధర్మవరంలో. చిన్నాయన ఇంట్లోనే పట్టుచీరలు నేసేవాడు. ఆమె పొద్దున్నే బస్సెక్కి పల్లెలకు పోయి, బాలింతలను, టీకాల పిల్లలను, క్షయ రోగులను చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేది. నేను అప్పుడు హిందూపురంలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని.

క్షయ రోగుల దగ్గర చిన్నమ్మ చాలా కఠినం. ఒకసారి సెలవుల్లో ఆమె వెంట ఒక పల్లెకు వెళ్లాను. అక్కడ గొర్రెలు కాచే ఒకాయన, దగ్గు తగ్గిందని రెండుసార్లు మాత్రలు మధ్యలో మానేశాడు. రోగం తిరగబెట్టింది. టీ అంగడి ముందు నలుగురూ వింటుండగా చిన్నమ్మ ఆయన్ని నిలదీసింది.

"ఏమప్పా, నీ రోగాన్ని నువ్వే మొండి చేసుకుంటివి. సగం మందు తిని నిలిపేస్తే చావనివి మిగులుతాయని ఎన్ని తూర్లు చెప్పినా నీకు?"

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ మరుసటి ఏడాది చిన్నమ్మ కాలేజీకి ఫోన్ చేసింది. అంతకుముందు ఆమె ఎప్పుడూ కాలేజీకి ఫోన్ చేసింది లేదు.

"పాపా, నాకు రొమ్ములో గడ్డ ఉండాది. నొప్పి లేదు. నొప్పి లేనిదే చెడ్డది. బెంగళూరుకు పోదాం, నువ్వు తోడు రాల్ల."

ఊరూరా ఆడవాళ్లకు ఆమె చెప్పే మాటే అది. తనకు తాను కూడా అదే గొంతుతో చెప్పుకుంది.

ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మూడు వారాలకొకసారి, ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. ఆమె ధర్మవరంలో రైలెక్కేది, నేను హిందూపురంలో అదే పెట్టె వెతుక్కుని ఎక్కేదాన్ని. ఆ మందు ఎర్రగా ఉండేది. సీసాలోంచి గొట్టంలోకి దిగుతుంటే రోజా షర్బత్‌లా కనిపించేది. రెండో విడతకే జుట్టంతా పోయింది. నెత్తిన నూలు గుడ్డ కట్టుకునే డ్యూటీకి పోయింది. ఆ రోజుల్లో ఆ రోగం పేరు ఇంట్లోవాళ్లే గుసగుసగా చెప్పుకునేవారు. చిన్నమ్మ మాత్రం అడిగిన వాళ్లందరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. "క్యాన్సర్ వచ్చింది, మందు తీసుకుంటాండా" అనేది, జ్వరం వచ్చిందని చెప్పినంత మామూలుగా.

నాలుగో విడత మందు పోలియో చుక్కల ఆదివారానికి ముందు రోజు పడింది. తన కిందున్న పల్లెలను ఇంకొకరికి అప్పజెప్పడం ఆమెకు ఇష్టం లేదు. డాక్టరును అడిగి పది రోజులు వెనక్కి జరుపుకుంది. డాక్టరు మనసులేకుండానే సరేనన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లు బాగుంది. రెండు వేల తర్వాతి ఆ సంవత్సరాల్లో మేమంతా ఆ రోగాన్ని మరిచిపోయాం కూడా. అంతలో ఒక ఎండాకాలం, ఆమె బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసపడసాగింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. పరీక్షిస్తే ఆ నీటిలో పాత రోగమే ఉంది.

కొత్త మందు పెట్టారు. నీరు తగ్గింది. మాకు ప్రాణం లేచొచ్చింది. ఐదు నెలలకు మళ్లీ చేరింది. మందు మార్చారు. ఈసారి మూడు నెలలే నిలబడింది. డాక్టరు కాగితాల మీంచి తలెత్తి, "ఈ మందుకు కూడా లొంగడం లేదు" అన్నాడు.

తిరిగొస్తూ రైల్లో చిన్నమ్మ కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది.

"ఆ పది దినాలు జరుపుకోకుండా ఉండాల్సింది పాపా. ఆ గొర్రెలాయప్పను అంటి కదా, నీ రోగాన్ని నువ్వే మొండి చేసుకుంటివని. నేను చేసింది మాత్రం వేరే ఏముండాది?"

ఇన్నేళ్లుగా ఆమె ఆ మాట మోస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాతిసారి సూదితో నీరు తీస్తున్నప్పుడు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. ఏదో పరిశోధనశాలలో చదువుకుంటోంది. పారబోసే ఆ నీటిని తనకిస్తే అందులోని క్యాన్సర్ కణాలను పెంచి చూస్తానని, మందుకు చావనివి ఎందుకు చావడం లేదో తెలుసుకోవాలని కన్నడంలో చెప్పింది. చిన్నమ్మ ఫారం అంతా చదివించుకుంది. సంతకం పెట్టేముందు ఆమె కూడా కన్నడంలోనే ఒక షరతు పెట్టింది: మీరు ఏం చూస్తారో నాకూ చూపించాలి.

ఆ అమ్మాయిని అలా అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరట. నెల తర్వాత మమ్మల్ని పిలిపించింది.

చీకటి గదిలో మైక్రోస్కోపు. చిన్నమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్లు ఎక్కడ ఆనించాలో చూపించింది. మొదట ఏమీ కనపడలేదంది చిన్నమ్మ. తర్వాత కదలకుండా ఉండిపోయింది.

నేనూ చూశాను. నల్లటి నేల మీద ఎర్రగా వెలిగే చుక్కలు, వందలాదిగా. కణాలకు ఆ పాత ఎర్రమందే పోశానని, దాని మీద ఒక రకం వెలుగు వేస్తే మందు తనంతట తానే మెరుస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. ఎర్రగా ఉన్నవన్నీ మందును లోపల నింపుకున్నవి. అవి చస్తాయి. వాటి మధ్య అక్కడక్కడా, మామూలు వెలుతురు వేస్తేనే కనిపించే కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎరుపు లేదు.

"వీటికి మందు అందలేదా?" అని అడిగింది చిన్నమ్మ.

"అందింది. లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేస్తున్నాయి. పైగా ఇవి తొందరగా పెరగవు. పెరిగే కణాలనే మన మందు ఎక్కువగా కొడుతుంది. ఇవి ఊరికే పడి ఉంటాయి. మిగతావి పోయాక లేచి, మళ్లీ అన్ని రకాల కణాలనూ పుట్టిస్తాయి. అందుకే వీటిని మూలకణాలు అంటున్నాం."

చిన్నమ్మ అప్పుడు అసలు సంగతి అడిగింది. మందు పది రోజులు ఆలస్యం చేస్తే ఇవి తయారవుతాయా?

ఆ అమ్మాయి ఆలోచించి చెప్పింది. "అన్నీ మాకు తెలుసని చెప్పలేను. మందు వాడే కొద్దీ కొన్ని కణాలు మారతాయి కూడా. కానీ ఇలాంటివి మొదటి మందు ఎక్కించక ముందే గడ్డలో ఉంటాయని అనుకుంటున్నాం. క్షయ సూక్ష్మజీవి వేరు, ఇది వేరు. మీ పది రోజులు వీటిని పుట్టించలేదు."

చిన్నమ్మ మళ్లీ వంగి ఇంకోసారి చూసింది. "ఎంత గట్టివి" అంది తెలుగులో. ఆ గొంతులో భయం లేదు. పల్లెలో ఎవరైనా ఒంటిచేత్తో బావి తవ్వారని విన్నప్పుడు ఆమె అనే తీరు అది. తనను చంపబోయేదాన్ని కూడా న్యాయంగా చూడగల మనిషి నాకు ఇంకొకరు తెలియదు.

ఆ రోజు నేను హిందూపురంలో దిగకుండా ఆమెతో పాటే ధర్మవరం దాకా పోయాను. పెనుకొండ కొండ కనిపించేసరికి ఆమె నిద్రపోయింది. ఎన్నో నెలల తర్వాత అంత ఒళ్లెరగని నిద్ర.

ఆ వారమే గొర్రెల కాపరి ఊరికి పోదామంది. ఆయన కొట్టం ముందు కూర్చుని, "నలుగురిలో అట్ల అని ఉండరాదు నేను. నీ రోగానికి మందు మానరాదనేది నిజమే. నిన్ను తక్కువ చేసింది మాత్రం తప్పు" అంది.

ఆయన నవ్వాడు. "నువ్వు తిట్టినావనే కదమ్మా ఆ తూరి కడదాకా మింగితి. ఇప్పుడు నాకేం లేదు, బాగుండా."

ఇక కొత్త మందులు వద్దని చిన్నమ్మే డాక్టరుకు చెప్పింది. ఆయాసం పెరిగినప్పుడు నీరు తీయించుకోవడం, నొప్పికి మాత్ర, అంతే. తీసిన ప్రతిసారీ ఆ నీరు అమ్మాయికే పోయింది. వానలు మొదలయ్యాక ఆ అమ్మాయే రైలెక్కి ధర్మవరం వచ్చింది, కణాల ఫోటోలు పట్టుకుని. చిన్నమ్మ మంచం మీంచి లేవలేని స్థితి. అయినా నాతో బొరుగుల ఉగ్గాని చేయించి, ఆ పిల్ల తినేదాకా ఫోటోలు ముట్టలేదు. తర్వాత ఒక్కొక్కటే దగ్గరికి పెట్టుకుని చూస్తూ, ఏ మందు ఎంత వేశారో, ఎన్ని మిగిలాయో అడిగింది. ఒక ఫోటోలో చావనివి బాగా తగ్గాయి. రెండు మందులు కలిపి వేశానని, ఒకటి ఆ తోసేసే దారిని మూసేదని ఆ అమ్మాయి చెప్పింది. గాజు పాత్రలో సాధ్యమైంది మనిషిలో ఇంకా కాలేదని కూడా దాచకుండా చెప్పింది.

"కానీలే. నువ్వు నిలపొద్దు" అంది చిన్నమ్మ.

పదకొండు రోజులకు, మధ్యాహ్నం పూట, చిన్నాయన మంచినీళ్లు పట్టిస్తుండగా పోయింది. ఫోన్లో చెబితే ఆ అమ్మాయి, ఆమె కణాలు ఇంకా పెరుగుతున్నాయి మేడమ్, నేను ఇప్పుడు వాటి దగ్గరే ఉన్నాను, అంది.