పరుపు మహిమ

మాస్టరు అంటే పాఠాలు చెప్పే మాస్టరు కాదు, బేకరీలో బ్రెడ్డు కాల్చే మాస్టరు. ఊరంతా దుప్పట్లు కప్పుకునే వేళకి ఆయన తలకి గుడ్డ చుట్టుకుని బట్టీ ముందు నిలబడేవాడు. ఊరు లేచే వేళకి ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకునేవాడు. ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, మొహం మీదే "గుడ్లగూబ బావా" అని పిలిచేది. ఆయనకి కోపం వచ్చేది కాదు. కోపం రావాలన్నా మనిషి పూర్తిగా మేలుకుని ఉండాలి కదా.

ఆయన భార్యది పగటి ఉద్యోగం. ఆసుపత్రిలో వచ్చినవాళ్ల పేరూ వయసూ జబ్బూ అడిగి చీటీ రాసిచ్చే కౌంటర్లో కూర్చునేది. రోజంతా పదిమంది మీద కేకలేసి, ఇంకో పదిమంది చేత కేకలేయించుకుని సాయంత్రానికి ఇల్లు చేరేది. ఒకరు పగలు, ఒకరు రాత్రి పనికెళ్లాలన్నది కూతురు పుట్టినప్పుడు ఇద్దరూ కూర్చుని చేసుకున్న ఏర్పాటు. పసిపిల్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి మరి. ఆ పసిపిల్ల పెరిగి, చదువుకుని, ఉద్యోగం చూసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది, సున్నాలు వేయడానికి తెచ్చిన నిచ్చెన ఏళ్ల తరబడి గోడకే ఆనుకుని ఉండిపోయినట్టు. దాన్ని తీసేయొచ్చని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

తెల్లవారుతూనే ఆయన వచ్చి తలుపు కొడితే ఆవిడ లేచొచ్చి గడియ తీసేది. "వచ్చారా?" "ఆఁ." అక్కడితో మాటలు సరి. ఆయన కాళ్లు కడుక్కుని తిన్నగా పడగ్గదిలోకి పోయి, మంచం మీద గోడవైపున్న గుంతలో ఒదిగిపోయేవాడు. ఆ గుంత ఆయనకి ప్రాణం. పెళ్లైన కొత్తలో తనే దగ్గరుండి దూది ఏకించి కుట్టించిన పరుపు అది. ఎంత ముసురు పట్టినా, ఎంత చలి కొరికినా, ఆయన నడుం వాల్చేసరికి గోరువెచ్చగా ఉండేది. "పరుపంటే మా పరుపండీ. దూది అలాంటిది" అని బేకరీలో చెప్పని రోజు లేదు. పిండి కలిపే అతను ఆ మాట నమ్మి, అదే కొట్లో అదే దూదితో పరుపు కుట్టించుకుని, వారం తిరక్కుండా వచ్చి మొత్తుకున్నాడు. "మీ పరుపు మహిమ నాకు అబ్బలేదు మాస్టారూ, మంచుగడ్డలా ఉంది."

"దూదిలో కల్తీ జరిగుంటుంది" అన్నాడు మాస్టరు జాలిపడుతూ.

తలుపు తీసిన మనిషి ఎక్కణ్ణుంచి లేచొచ్చిందో ఆలోచించనివాడికి అంతకన్నా మంచి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇలా ఉండగా బేకరీ యజమాని ఒకరోజు ఆయన్ని పక్కకి పిలిచాడు. పెద్ద యంత్రం కొన్నాననీ, ఇకమీదట రాత్రిపూట బ్రెడ్డు పనంతా ఊరి బయట కొత్త షెడ్డులోననీ చెప్పాడు. "రాత్రే కావాలంటే అక్కడికి రా. లేదంటే ఇక్కడే ఉండి పగలు కేకులూ బిస్కెట్లూ చూసుకో. ఒకసారి చెప్పాక మళ్లీ మార్చనంటే మార్చను. మీ ఆవిణ్ణి అడిగి చెప్పు."

చిక్కంతా ఆ ఆఖరి మాటలోనే ఉంది. అడిగితే ఆవిడ ఏమంటుంది? "రాత్రి పనే బాగుంది" అంటే ఇన్నేళ్ల కాపురానికి ఏమని అర్థం చెప్పుకోవాలి? పోనీ "పగటికి మారండి" అందనుకో, సాయంత్రం నుంచి నిద్రపోయే దాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఏం చేస్తారు? ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాబట్టి తెలివైన మొగుళ్లు చేసే పనే చేశాడు. నోరు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మరదలు దిగబడింది. "పెళ్లై పాతికేళ్లైంది. ఒక్కసారైనా ఇద్దరూ ఒకే టైములో మేలుకుని ఉండి చూడండి" అని ఒక దీవికి పడవ టికెట్లూ, అక్కడ లాడ్జిలో గదీ తనే మాట్లాడేసి చేతిలో పెట్టింది. "సముద్రం, ఇసక, ఎండ! నీ రొట్టె విరిగి నేతిలో పడిందనుకో బావా."

అక్కడ సముద్రం ఒడ్డున, గాలి బాగా వీస్తున్నప్పుడు, మాటల మధ్యలో అడిగేద్దామనుకున్నాడు మాస్టరు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఆ ప్రశ్నని చంకన పెట్టుకుని పడవెక్కాడు.

పడవ సగం దూరం పోయిందో లేదో వాన మొదలైంది. నేతిలో పడాల్సిన రొట్టె నీళ్లలో పడింది.

లాడ్జి గదికి ఒక తలుపు, ఒక కిటికీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి నెట్టిన ఒక మంచం. లాడ్జి పెద్దాయన గొడుగు దులుపుతూ "ఎల్లుండికి తెరిపిస్తుంది" అని ధైర్యం చెప్పాడు. ఆ మాట ఆయన ప్రతిరోజూ చెప్పాడు.

మొదటిరోజు పడుకోబోయే వేళ మొగుడూ పెళ్లాం ఒకేసారి మంచం దగ్గరికొచ్చి, ఒకేసారి గోడవైపు మోకాలు పెట్టారు.

"కాస్త ఇటు జరగండి" అంది ఆవిడ.

"ఇది నా వైపు కదా?"

"మీ వైపేంటి? నేనెప్పుడూ గోడవైపే పడుకుంటా."

"నేనూ గోడవైపే!"

ఇద్దరూ మోకాళ్లు మంచం మీద ఉంచే ఆగిపోయారు. ఇన్నేళ్లుగా ఒకే మంచం, ఒకే వైపు, ఒకే గుంత. ఎదురుపడాల్సిన అవసరం మాత్రం రాలేదు. వారానికొక రాత్రి ఆయనకి సెలవుండేది గానీ, ఆ రాత్రి నిద్ర పట్టక ముందుగదిలో రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. మాస్టరు తల గోక్కుని, మర్యాదకి గోడవైపు ఆవిడకి వదిలేసి, ఇవతలి అంచున పడుకున్నాడు. పక్క చల్లగా తగిలింది. "లాడ్జి పరుపులు ఇంతే. ఏం దూదో ఏం పాడో" అని గొణుక్కున్నాడు.

మర్నాడూ వానే. ఆ మర్నాడూ వానే. ఇసకలో నడక లేదు, లైట్‌హౌసు చూడ్డం లేదు, పడవలన్నీ తాళ్లకి కట్టేసి ఉన్నాయి. పడవలు ఆగాయి కాబట్టి లాడ్జికి సరుకులూ ఆగాయి. మూడు పూటలా బ్రెడ్డే పెట్టారు, అదీ పాతది. మాస్టరు ఆ ముక్కని వేలితో నొక్కి చూసి, నిట్టూర్చి, టీలో ముంచుకుని తిన్నాడు. తప్పించుకుపోదామన్నా కొందరిని కొన్ని వదలవు కదా.

అంతకన్నా వింత, గదిలో ఉన్న మనిషి. ఆయనకి తెలిసిన భార్య తలుపు తీసి "వచ్చారా" అనే మనిషి, సాయంత్రం "ఉప్పు చాలిందా" అని అడిగే మనిషి. ఈవిడ అలా లేదు. ముక్కుతో నవ్వుతుంది. కారుతున్న కప్పు కింద బక్కెట్టు పెట్టి, "ఇదిగో, నువ్వు పొంగావంటే ఊరుకోను" అని దానితో మాట్లాడుతుంది. కిటికీ దగ్గర నిలబడి, ఒక పాదంతో రెండో పాదం రుద్దుకుంటూ, వానని తిడుతుంది.

"నీకు ఇంతలా మాట్లాడే అలవాటు ఎప్పట్నుంచి?" అన్నాడు తట్టుకోలేక.

"ఎప్పట్నుంచో ఉంది. మీరు నిద్రలో ఉంటారు కదా."

ఆయనకి ఆ మనిషి నచ్చింది. నచ్చినందుకు భయం కూడా వేసింది. ఈవిడ ఇంతకాలం ఎక్కడుంది? తను ఎవరితో కాపురం చేశాడు? ప్రశ్న అడుగుదామని నోరు తెరిచేవాడు. ఆవిడ "ఏంటలా చూస్తున్నారు?" అంటే "ఏం లేదు, దోమ వాలిందేమోనని" అనేవాడు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నట్టు.

ఒక మధ్యాహ్నం ఇద్దరికీ కునుకు పట్టింది. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. మాస్టరుకి మెలకువ వచ్చేసరికి కిటికీలో పల్చటి వెలుతురు. పక్షుల అరుపులు. ఓహో, తెల్లారింది అనుకున్నాడు. రాత్రంతా నిద్రపోయానే అని తనని తనే మెచ్చుకుంటూ, బ్రష్షు మీద పేస్టు వేసుకుని, పళ్లు తోముకుంటూ వరండాలోకొచ్చాడు.

"పెద్దాయనా, టీ అయిందా? రాత్రి భలే నిద్ర పట్టింది."

పెద్దాయన అయోమయంగా చూశాడు. పట్నంవాళ్లు ఎప్పుడు పళ్లు తోముకుంటారో తనకేం తెలుసని ఊరుకున్నాడు కాబోలు. ఇంతలో గదిలోంచి ఆవిడ జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏవండీ, ఇంత తెల్లారిపోతే లేపరేంటి? నా డ్యూటీ!" ఆవిడ చేతిలోనూ బ్రష్షుంది.

"అమ్మా," అన్నాడు పెద్దాయన వీలైనంత మెల్లగా, "ఇప్పుడు సాయంత్రం. దీపం వెలిగిద్దామని వచ్చాను."

మొగుడూ పెళ్లాం నోటినిండా నురగతో ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆవిడ ముక్కు నవ్వింది. తర్వాత ఆయన నవ్వాడు. ఆయన నవ్వుతోంటే పేస్టు చొక్కా మీద పడి, అది చూసి ఆవిడ ఇంకా నవ్వి, స్తంభం పట్టుకుని కూలబడింది.

టీ వచ్చింది. అది పొద్దుటి టీయో సాయంత్రం టీయో తేల్చుకోకుండానే ఇద్దరూ వరండా బల్ల మీద కూర్చుని తాగారు. నవ్విన ధైర్యంతో మాస్టరు మాట కలిపాడు. "ఎన్ని చెప్పు, మన పరుపు దగ్గర ఇవన్నీ దిగదుడుపే. ఇది ఒట్టి చల్లటి పరుపు. మనది ఎప్పుడు పడుకున్నా వెచ్చగా ఉంటుంది."

"మన పరుపు వెచ్చగా ఉంటుందా?"

"ఉండదూ? దూది అలాంటిది."

ఆవిడ మళ్లీ నవ్వబోయింది. ఆయన నిజంగానే అంటున్నాడని మొహం చూసి తెలుసుకుని ఆగిపోయింది.

"ఏవండీ, మీరు తలుపు కొడితే నేను పక్క మీద నుంచే లేచొస్తాను. మీరెళ్లి అదే చోట పడుకుంటారు. అది దూది వేడి కాదు. నా ఒంటి వేడి."

మాస్టరు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నాకు మాత్రం ఎప్పుడూ చల్లటి పక్కే," అంది ఆవిడ. ఫిర్యాదులా అనలేదు, కౌంటర్లో వయసు చెప్పినట్టు చెప్పింది. "మీరు మధ్యాహ్నమే లేచేస్తారు. నేను పడుకునేసరికి అది చల్లారిపోయి ఉంటుంది. ఆ పరుపులో వెచ్చదనం ఉందని ఇవాళే వింటున్నా."

అప్పుడడిగాడు ప్రశ్న. సముద్రం ఒడ్డున కాదు, మాటల మధ్యలో కాదు, సిగ్గుతో తల వంచుకుని, యజమాని అన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"నాకు తెలీదండీ. నిజం చెప్పనా? భయంగా ఉంది. మీరెళ్లాక ఇల్లు నాది. కాళ్లు బారజాపుకుంటా, గిన్నెలు తోముతూ పాడుకుంటా, గోడలతో మాట్లాడతా. మీరుంటే అవన్నీ ఎలాగో?"

"అయితే రాత్రి పనికే పొమ్మంటావా?"

"పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. ఇంతకాలం అడగని మనిషి అడిగితే టక్కున ఏం చెప్పను?"

మాస్టరుకి అడక్కముందు సగం అయోమయమే. అడిగాక పూర్తిగా అయోమయం. సెలవు అయిపోయి పడవెక్కిన రోజున మాత్రం, పనిగట్టుకుని వచ్చినట్టు, ఎండ ఫెళ్లున కాసింది.

"అడిగావా మీ ఆవిణ్ణి?" అన్నాడు బేకరీలో యజమాని.

"అడిగానండీ. తెలీదంది."

"మరి నువ్వేమంటావ్?"

"నాకూ తెలీదు. పగలు వేసుకోండి."

"తెలీకపోతే పగలెందుకయ్యా?"

"ఇంట్లో పరుపు చల్లగా ఉందటండీ," అన్నాడు మాస్టరు. ఈసారి అయోమయంలో పడడం యజమాని వంతైంది.

పగటి పనికి మారిన మొదటిరోజు, భోజనాలయ్యాక మాస్టరు ముందే వెళ్లి గోడవైపు గుంతలో పడుకున్నాడు. నిద్ర ఎక్కడిది? గుడ్లగూబలా కప్పుకేసి చూస్తున్నాడు. చేసింది తప్పో ఒప్పో తేలడం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు. మధ్యలో సన్నగా ఒక పాట లేచి, గుర్తొచ్చినట్టు టక్కున ఆగిపోయింది.

"పాడుకోవోయ్!" అని కేకేశాడు. "నేను నిద్రపోయాను!"

వంటింట్లోంచి ముక్కు నవ్వు. ఆ తర్వాత పాట. గొంతు గొప్పదేం కాదు, శ్రుతి ఎటో పోతోంది. అయినా ఇన్నేళ్లూ ఇది వినలేదే అనుకున్నాడు.

దీపం ఆర్పి ఆవిడ వచ్చింది. ఆయన మెల్లగా ఇవతలికి జరిగాడు. ఇన్నేళ్లుగా ఎవరూ పడుకోని వైపు అది, రస్కులా గట్టిగా ఉంది, చల్లగా ఉంది. ఆవిడ వెళ్లి గుంతలో పడుకుంది. అరచేత్తో పక్కంతా తడిమి చూసింది. మాస్టరుకి కంగారు పుట్టింది.

"ఏవండీ," అంది.

"ఊఁ."

"ఈ పరుపు ఏ కొట్లో కుట్టించారు? ఇంత వెచ్చగా ఉందేంటి?"

నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు.

"దూది అలాంటిది," అన్నాడు మాస్టరు, చలికి కాళ్లు ముడుచుకుంటూ.